పద్నాలుగో అంశం, కృతజ్ఞతలు

లిల్‌సేలె
1993 సెప్టెంబర్ 5

చెల్లెలు మైలిస్‌కు,

ఇక్కడ అంతా మామూలే. అడవిలో ఎర్ర లింగన్ పళ్లు ఈ ఏడు విరగకాశాయి. రెండు బకెట్లు ఏరాను. నీకో జాడీ పక్కన పెట్టాను, వచ్చినప్పుడు తీసుకుపో.

అసలు సంగతికి వస్తాను. పోయిన గురువారం నుంచి స్కౌట్లు మళ్లీ మొదలుపెట్టాను. పందొమ్మిది మంది పిల్లలు వచ్చారు. లైఫ్ రాలేదు. పన్నెండేళ్లు నా పక్కన నిలబడి దళాన్ని నడిపిన మనిషి, ఫోన్ చేసి నడుం పట్టేసిందన్నాడు. మర్నాడు వాళ్ల పెరట్లో దుంగలు మోస్తూ కనిపించాడు. "నీ నడుం గురువారాలే పట్టేస్తుందేం లైఫ్?" అని కంచె ఇవతల నుంచే అడిగాను. "నన్నొదిలెయ్ దాగ్నీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. వదిలేశాను.

ఇప్పుడు నేనొక్కదాన్నే. పెద్దవాళ్లు ఇద్దరు లేకుండా పిల్లల్ని నీళ్ల మీదికి గానీ గడ్డకట్టిన సరస్సు మీదికి గానీ తీసుకెళ్లకూడదని రూలు పెట్టింది మీ జిల్లా శాఖే. అంటే ఈ చలికాలమంతా పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి తాళ్లతో ముడులు వేయించుకోవాలి. వచ్చే వేసవికి ద్వీపం మీద క్యాంపు ఉండదు. అది నా ఇరవై అయిదో క్యాంపు. దాన్ని నేను నడిపి తీరాలి.

నేను వండే బడి వంటగది మూసేశారని చెప్పాను కదా. పిల్లల భోజనం ఇప్పుడు పట్నం నుంచి వ్యానులో వస్తోంది, చల్లారిపోయి. వారంలో నేను లేచి ఇస్త్రీ బట్టలు వేసుకోవాల్సిన రోజు ఇక గురువారం ఒక్కటే.

పల్లెల్లో స్కౌట్లను నడిపే వాలంటీర్లకు సాయం చేసే ఉద్యోగం నీకిచ్చారని విన్నాను. మంచిదే. అయితే సాయం చెయ్. నాకిద్దరు మనుషులు కావాలి. ఒంట్లో బలం ఉండాలి, చెప్పింది వినాలి, ఎక్కువ మాట్లాడకూడదు.

మీ అక్క
దాగ్నీ


హోల్మ్‌విక్
1993 సెప్టెంబర్ 19

ప్రియమైన అక్కా,

ఉత్తరం వచ్చినప్పుడల్లా ఇద్దరేసి మనుషుల్ని తీసి పంపడానికి మా దగ్గర గిడ్డంగి లేదు. ఉన్నా నువ్వడిగిన రకం దొరకరు. నువ్వు రాసిన గుణాలన్నీ గుర్రానివి.

ఉద్యోగంలో చేరాక ముప్ఫై ఊళ్లు తిరిగాను. ప్రతి ఊళ్లోనూ దళం నడిపేవాళ్లు "ఎవరూ రావట్లేదు" అంటారు. తల్లిదండ్రులు "మమ్మల్ని ఎవరూ అడగలేదే" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. "ఎవరైనా సాయం చేస్తారా?" అని గది మొత్తాన్ని అడిగితే గది మొత్తం నేల చూపులు చూస్తుంది. అలా కాదు. ఒక్కొక్కరినీ విడిగా పలకరించాలి, చేతనయ్యే చిన్న పని ఒకటి చెప్పాలి. అక్టోబర్‌లో రెండు గురువారాలు కట్టెలు కొట్టిపెడతారా? పడవ రేవు దాకా పిల్లల్ని కారులో దింపుతారా? చేసినవాళ్లను నలుగురి ముందూ మెచ్చుకోవాలి. వచ్చే నెల వాళ్లే ఇంకో పని అడుగుతారు.

నువ్వెప్పుడూ ఎవర్నీ అడగలేదక్కా. పిలిచి చెప్పడమే. మెచ్చుకోవడమంటావా, అమ్మ బతికుండగా ఒకసారి తన కాఫీ బాగుందన్నావు. అమ్మకు ఆ రోజంతా అనుమానమే.

కోపం తెచ్చుకోకు. నీ పిల్లల ఇళ్లు పదహారు. ఫోన్ నంబర్లు పంపు, నేనే అందరితో మాట్లాడతాను. ఎందుకు రావట్లేదో కూడా అడుగుతాను. ఎవరేం చెప్పినా బయటపెట్టనని మాటిస్తేనే మనుషులు నిజం చెబుతారు. కాబట్టి నీకు కూడా చెప్పను. ఇది ముందే చెబుతున్నా.

నీ
మైలిస్


లిల్‌సేలె
1993 అక్టోబర్ 24

చెల్లెలు మైలిస్‌కు,

ఫోన్లో ఏం మంత్రం వేశావో గానీ, ఇద్దరొచ్చారు.

ఒకడు హోకన్. అడవిలో చెట్లు నరికే యంత్రం నడుపుతాడు. రోజుకు పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు "ఊఁ"లు. అతనితో పేచీ లేదు.

రెండోది మోనా. నర్సు. దళంలో తన పిల్లలెవరూ లేరు, నీ ఫోన్ల సంగతి విని చేరిందట. గోటెబోర్గ్ నగరం నుంచి వచ్చి రెండేళ్లయింది. ఒకచోట నిలవదు, నోరు ఊరుకోదు. మొదటి రోజే "ఏం చేయాలనుందో పిల్లల్నే అడిగి చూద్దామా దాగ్నీ?" అంది. "పిల్లల్ని అడిగితే ఐస్‌క్రీం అంటారు. కెటిళ్లు అక్కడున్నాయి, తోమిపెట్టు" అన్నాను. మూడు గురువారాలు తోమింది. మసి బాగానే వదిలించింది. ఆ మాట ఆమెతో అనలేదు. నెత్తికెక్కుతుంది.

నాలుగో గురువారం నేను హోకన్‌తో పడవలు తిరగేస్తుంటే, చిన్నపిల్లలకు ముడి నేర్పడం మొదలుపెట్టింది. తప్పు ముడి. నేను వెళ్లి తాడు ఒక్క లాగు లాగాను, ఊడి చేతికొచ్చింది. "గోటెబోర్గ్‌లో పడవలు వాటంతటవే ఒడ్డున నిలబడతాయా మోనా?" అన్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత కట్టెల కొట్టంలోకి వెళ్లి చాలాసేపటికి వచ్చింది, కళ్లు ఎర్రగా. "పొగ" అంది. ఆ రోజు పొయ్యి వెలిగించనే లేదు.

నీటి దగ్గర తప్పు ముడికి జాలిపడితే పిల్లలు పోతారు. నేనింతే. ఇరవై నాలుగేళ్లలో నా చేతుల్లో ఒక్క పిల్లకు నీళ్లు ముక్కులోకి పోలేదు.

సరే, ఫోన్లో వాళ్లు నా గురించి ఏమన్నారు? పేర్లొద్దు. ఏమన్నారో చెప్పు చాలు.

దాగ్నీ


హోల్మ్‌విక్
1993 నవంబర్ 7

ప్రియమైన అక్కా,

మోనా నాకు ఫోన్ చేసింది. గంటసేపు మాట్లాడాం. మానేయొద్దని బతిమాలుకున్నాను. ఉంటానంది. ఇలాంటి మనిషి దొరకడమే గగనం. నువ్వు కెటిళ్లు తోమిస్తున్నావు.

వాళ్లేమన్నారో చెప్పనని ముందే అన్నాను. ఒక్క ముక్క మాత్రం చెబుతాను, దానికి నీకు హక్కుంది. పదహారు ఇళ్లలో ఒక్కరు కూడా తీరిక లేదనలేదు.

ఇంకొకటి అడుగుతాను, వెంటనే జవాబు రాయకు, నాలుగు రోజులు ఆలోచించు. ఇరవై అయిదో క్యాంపు అయ్యాక దళాన్ని ఎవరికైనా అప్పగిస్తే ఎలా ఉంటుంది? ఆ మాట నీ నోటితో నువ్వే ఇప్పుడు చెబితే, ఆ క్యాంపుకు ఊరంతా వస్తుంది. నిన్ను నెత్తిన పెట్టుకుంటారు. నేను ఇతర ఊళ్లలో చూశాను.

నీ
మైలిస్


లిల్‌సేలె
1993 డిసెంబర్ 15

మైలిస్‌కు,

నెల రోజులు ఆలోచించాను, నువ్వన్న నాలుగు రోజులు కాదు.

తీరిక లేదని ఎవరూ అనలేదంటే, ఇంకేదో అన్నారన్నమాట. ఎవరన్నారా అని ఒక్కొక్క ఇల్లూ తీసి చూసుకుంటూ వచ్చాను. కొట్టులో, చర్చి వాకిట్లో, బస్టాప్‌లో ఎవరి మొహం ఎలా ఉందో చూశాను. బర్బ్రూ దగ్గర ఆగాను. సన్నా వాళ్లమ్మ. నవంబర్ చివర్లో కొట్టులో నన్ను చూసి సామాన్ల బండి చటుక్కున వెనక్కి తిప్పుకుపోయింది. ఎదురుపడి నిలబడలేని మనిషే వెనకాల మాట్లాడుతుంది.

మొన్న పదమూడున లూసియా పండుగ. ఎప్పటిలాగే పిల్లల్ని వృద్ధుల ఆశ్రమానికి తీసుకెళ్లాను. ఈసారి కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుని వరస ముందు నడిచే వంతు చీటీల్లో సన్నాకు వచ్చింది. తలుపు దగ్గర వరస కట్టాక, ఆ పిల్ల తల మీద నుంచి కిరీటం తీసి పక్కనున్న పిల్లకు పెట్టాను. "ఎందుకు?" అని కూడా అడగలేదు సన్నా. వెనక వరసలోకి పోయి పాడింది. బర్బ్రూ పాటలన్నీ అయ్యేదాకా గోడకానుకుని నిలబడింది. అయ్యాక పిల్లకు కోటు తొడిగి తీసుకుపోయింది. కాఫీకి ఆగలేదు.

ఇక నోరు పారేసుకునేవాళ్లు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

పాతికతో ఆపేస్తానని నీకెవరు చెప్పారు? నా కాళ్లు ఆడినంతకాలం దళం నాది.

దాగ్నీ


హోల్మ్‌విక్
1994 జనవరి 6

అక్కకు,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. ఇది మూడోది.

ఎవరి మాటా బయటపెట్టనన్నాను. ఇప్పుడు పెడుతున్నాను. పదహారు ఇళ్లలో పద్నాలుగు ఇళ్లవాళ్లు ఒకరితో ఒకరు కూడబలుక్కోకుండా ఒకటే మాట అన్నారు. దాగ్నీ ఉన్నంతకాలం రాము. ఒకాయనైతే, "మీ అక్కకు సాయం చేయడమంటే నా పిల్లల ముందు నేను తిట్లు తినడమే" అన్నాడు.

మిగిలినవి రెండిళ్లు. ఒకటి హోకన్‌ది. రెండోది బర్బ్రూది.

బర్బ్రూ ఏమందో వినిపిస్తాను, ఆ రోజే కాగితం మీద రాసుకున్నాను. "దాగ్నీ నోరు మంచిది కాదు. కానీ నా కూతురు ఆవిడతో ఉంటే నేను ఒడ్డున కాపలా నిలబడక్కర్లేదు. ఇంట్లో నిద్రపోవచ్చు. నవంబర్‌లో నా ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత ఏ పనైనా చెప్పండి, వస్తాను." కొట్టులో ఆమె బండి తిప్పుకుంది నిన్ను చూసి కాదు. కుట్లు విప్పి రెండు రోజులయింది. నిలబడలేక బెంచీ వెతుక్కుంది.

నీ తరఫున మాట్లాడిన తల్లి ఒక్కతే. ఆమె కూతురి తల మీద నుంచి కిరీటం తీశావు. నీకు తెలియాలని రాస్తున్నాను. తెలిసి నువ్వు చేయగలిగింది కూడా ఏమీ లేదు.

వార్షిక సమావేశం ఫిబ్రవరి 19న. మీ దళం కమిటీలోని ఏవెర్ట్ ఫోన్ చేశాడు. ఈసారి అతనూ, ఇంకో ఇద్దరూ కొత్త ఏడాదికి నాయకుల పేర్లు రాసి తెస్తారట. బయటి మనిషి అధ్యక్షత వహిస్తే బాగుంటుందని నన్ను పిలిచాడు. వస్తున్నాను. నువ్వు నీలం చొక్కా ఇస్త్రీ చేసి వేసుకురా. మెడకు స్కార్ఫ్ మర్చిపోకు.

మైలిస్


లిల్‌సేలె
1994 ఫిబ్రవరి 21

అధ్యక్షురాలు మైలిస్ గారికి,

నీ జనవరి ఉత్తరం అందిన మర్నాడే బర్బ్రూ ఇంటికి వెళ్లాను. క్షమించమన్నాను. అలా అనడం నాకు అలవాటు లేదు, మెట్ల మీదే నిలబడి అన్నాను. "సన్నా ఇప్పుడు గురువారాలు టేబుల్ టెన్నిస్‌కి వెళ్తోంది" అంది, తలుపు వేసింది. అది నాకు తగినదే. దాని గురించి ఫిర్యాదు లేదు.

శనివారం సంగతి వేరు.

అన్నీ వరసగా చెబుతాను. నువ్వు అక్కడే బల్ల దగ్గర కూర్చున్నా సరే, నా కుర్చీలోంచి ఎలా కనబడిందో నీకు తెలియదు. పదమూడో అంశం, కొత్త ఏడాదికి నాయకులు. ఏవెర్ట్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మోనా. హోకన్. ఇంకో మూడు పేర్లు. నా పేరు ఆఖర్న వస్తుందనుకున్నాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అందరికీ సమ్మతమేనా?" అన్నావు నువ్వు. "సమ్మతమే" అన్నారు. చెక్క సుత్తి కొట్టావు. ఇంకో కాగితం ఉందేమో, మరిచిపోయాడేమో అని నేను ఏవెర్ట్ జేబు వైపే చూస్తున్నాను.

"పద్నాలుగో అంశం, కృతజ్ఞతలు" అన్నావు. హోకన్ వంటగదిలోంచి ట్యూలిప్ పూలు పట్టుకుని వచ్చాడు. అంత పొడుగు మనిషి నేల చూస్తూ నడిచాడు. "ఇరవై నాలుగేళ్లు మన పిల్లలకు సేవ చేసి సెలవు తీసుకుంటున్న దాగ్నీకి" అన్నావు నువ్వు. సెలవు! ఎవరడిగారు సెలవు?

మన దగ్గర పూలు చేతిలో పెట్టాక మనిషి ఏం చేయాలో అందరికీ తెలుసు. లేవాలి, ఒక మాట అనాలి, కూర్చోవాలి. నేనూ ఇన్నేళ్లలో తొమ్మిది మందికి అలా ఇచ్చాను. వాళ్లలో వెళ్లాలని లేనివాళ్లు ఉన్నారేమో, నేనూ అడగలేదు. చప్పట్లు మొదలయ్యాక, పూలు గుండెలకానించుకుని, "నేను వెళ్లట్లేదు" అని ఎవరంటారు? నేను "థాంక్స్" అన్నాను. పిల్లలు చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు.

తర్వాత కాఫీ. ఆకుపచ్చ కేకు మీద నా పేరు. మోనా ముక్క కోసి నా చేతికిచ్చి, "దాగ్నీ, మీరెప్పుడొచ్చినా మాకు సంతోషమే" అంది. మాకు!

ఆ కేకు బేకరీలో మూడు రోజుల ముందు చెప్పనిదే చేయరు. నాకు తెలుసు, నేనే ఎన్నోసార్లు చెప్పాను. అంటే బుధవారానికే మీ అందరికీ తెలుసు. గురువారం నువ్వు నాకు ఫోన్ చేశావు. కుర్చీలు వరసగా వేయాలా, గుండ్రంగా వేయాలా అని అడిగావు. నేను వెళ్లి వేసొచ్చాను. ముప్ఫై రెండు కుర్చీలు.

మినిట్స్‌లో "దాగ్నీ ఓస్ట్‌మన్ మళ్లీ ఎన్నిక వద్దనుకున్నారు" అని రాశారట. నేననలేదు. అధ్యక్షురాలి సంతకం లేకపోతే మినిట్స్ చెల్లవు. సంతకం పెట్టకు. నాకు ఈ వేసవి ఒక్కటి కావాలి. ఆ తర్వాత నేనే వెళ్తాను, పూలు లేకుండా.

దాగ్నీ


హోల్మ్‌విక్
1994 మార్చి 6

దాగ్నీకి,

సంతకం పెట్టాను.

నువ్వు లేచి కాదనగలిగేదానివే. సుత్తి పక్కన పెట్టి నేను నీ వైపే చూశాను. నువ్వు థాంక్స్ అన్నావు. సమావేశంలో అన్న మాటే నేను చూడాలి, మనసులో ఉన్నది కాదు.

మర్నాటి నుంచి ఏం జరిగిందో చెబుతాను. ఆదివారం సాయంత్రానికి నలుగురు మోనాకు ఫోన్ చేశారు. శుక్రవారానికి పదకొండు మంది. పదకొండు మంది దాగ్నీ! వంటకు ఇద్దరు, పడవలకు ముగ్గురు, గురువారాలకు వంతుల వారీగా ఆరుగురు. ఎవర్నీ బతిమాలలేదు. లైఫ్ కూడా ఉన్నాడు అందులో. నడుం బాగుందట.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏ ఊళ్లోనైనా ఇలాంటి మార్పు ఒక్కటి చూపించమని పైవాళ్లు నన్ను అడుగుతున్నారు. లిల్‌సేలె గురించి పన్నెండు పేజీలు రాశాను. స్థానిక వాలంటీర్లకు అండగా ఎలా నిలవాలి అన్నదానికి దేశమంతటికీ దాన్నే నమూనాగా పంపుతారట. అందులో నీ పేరు లేదు. "నాయకత్వం మారిన తర్వాత" అని రాశాను.

ఈ దళానికి మొట్టమొదటి సాయం మనిషిని నేను. నీకు గుర్తుందో లేదో. డెబ్బైలో, మొదటి క్యాంపు. నాలుగో రోజు సామాన్లు సర్దుకుని బస్సెక్కాను. టెంటు గుంజ వంకరగా పాతానని పిల్లలందరి చేతా దాని చుట్టూ కుంటించావు, నా పేరు పెట్టి పాడిస్తూ. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు. ఎందుకెళ్లిపోయావని ఇప్పటిదాకా నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఈ ఉద్యోగంలో చేరిన రోజు నాకు గుర్తొచ్చింది అదొక్కటే.

మైలిస్


లిల్‌సేలె
1994 జులై 10

మైలిస్,

నాలుగు నెలలు నీకు రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు.

ఏవెర్ట్ మే నెలలో మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. టోపీ తిప్పుకుంటూ చెప్పాడు. సమావేశానికి ముందు నాతో మాట్లాడదామని అతనికి ఉందట. "ఆవిడకు ముందే చెబుదాం, ఈ వేసవి క్యాంపు ఆవిడకే ఇద్దాం, తర్వాత మర్యాదగా మార్చుకుందాం" అన్నాడట. "మా అక్కతో నేను మాట్లాడతాను" అని నువ్వన్నావట. మాట్లాడావు. కుర్చీల గురించి.

టెంటు గుంజ సంగతి నాకు గుర్తులేదు. నువ్వు అబద్ధమాడవు కాబట్టి జరిగే ఉంటుంది. నాకు గుర్తు కూడా లేకపోవడం నీకు ఇంకా కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా నిజం అదే.

క్యాంపు అయింది. నేను ద్వీపానికి పోలేదు. ఇవతలి రేవులో, చేపలవాళ్ల పాక పక్కన మూడు రోజులు కూర్చున్నాను. నీళ్ల మీద మాటలు బాగా వినిపిస్తాయి. ఈ ఒడ్డున వదిలిన పడవల్ని కూడా మోనా తన ముడులతోనే కట్టింది. అదే తప్పు ముడి. రెండో రోజు గాలి లేచింది. ఒక్క పడవ ఊడలేదు. పిల్లలు నీళ్లలోకి దిగినప్పుడల్లా నలుగురు పెద్దవాళ్లు మోకాళ్ల లోతులో నిలబడ్డారు. నేను ఎప్పుడూ ఒక్కదాన్నే నిలబడేదాన్ని. నవ్వులు ఎక్కువ, కేకలు తక్కువ.

ఏదో ఒకటి జరగాలని కోరుకున్నాను. మోనాకైనా, హోకన్‌కైనా. అబద్ధమెందుకు, పిల్లలకైనా సరే, వేలు తెగడం లాంటిది. ఏమీ జరగలేదు. మూడో రోజు సాయంత్రం సైకిలెక్కి ఇంటికొచ్చాను. నా గురించి నువ్వనుకున్నది ఎంతవరకు నిజమో నీకు తెలియాలని రాశాను. నీకు తప్ప రాయడానికి నాకెవరున్నారు?

ఇప్పుడు పని సంగతి. ఇరవై కిలోమీటర్ల అవతల నోరోస్‌లో దళం నడిపే అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఏడుగురు పిల్లలు, ఒక్క సాయం మనిషి. వాళ్లు నాకు కబురు పెట్టారు, నేను వాళ్లకు పెట్టలేదు. నేను వెళ్లి చూశాను. ఆ సాయం మనిషి ముసలి రైతు, పేరు అల్గోత్. ముడులు అసలు రావు. నేను అతన్ని ఏమీ అనలేదు. రెండుసార్లు చూపించి, మూడోసారి అతను వేశాక, "బాగుంది" అన్నాను. ముడి బాగాలేదు. అయినా అన్నాను. అతను మొహమంతా నవ్వాడు. యాభై తొమ్మిదేళ్లొచ్చాక నేర్చుకోకూడదని రూలేమీ లేదు కదా.

కొత్త నాయకురాలి గురించి జిల్లా శాఖ నుంచి ఒక కాగితం కావాలట. మునుపటి దళాన్ని విచారించి రాసే కాగితం. అది నీ బల్ల మీదికే వస్తుంది. దయచేసి రాసిపెట్టు. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడంటున్నాను. దయచేసి.

దాగ్నీ


స్కౌట్ జిల్లా శాఖ
వాలంటీర్ల సహాయ విభాగం
హోల్మ్‌విక్
1994 ఆగస్టు 22

దాగ్నీ ఓస్ట్‌మన్ గారికి,

నోరోస్ దళ నాయకత్వానికి మీ పేరు ప్రతిపాదిస్తూ వచ్చిన లేఖ అందింది. పద్ధతి ప్రకారం మీరు మునుపు పనిచేసిన దళాన్ని ఫోన్‌లో విచారించాము. విచారణ తర్వాత మీ పేరును సిఫారసు చేయలేకపోతున్నామని తెలియజేస్తున్నాము. ఈ విషయం నోరోస్ దళానికి కూడా రాశాము. మీ ఇన్నేళ్ల సేవకు జిల్లా శాఖ తరఫున అభినందనలు.

స్కౌట్ వందనాలతో,
మైలిస్ ఓస్ట్‌మన్

అక్కా, పైది ఆఫీసు కాగితం, అలాగే ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడినవాళ్లు ఏమన్నారో చెప్పే వీలు లేదు, నీకు తెలుసు. మనసులో పెట్టుకోకు. నాకు అక్టోబర్ నుంచి స్టాక్‌హోంలో పని, మన లిల్‌సేలె పద్ధతిని అన్ని జిల్లాలకూ నేర్పాలి. వెళ్లే లోపు ఒకసారి వస్తాను. సెప్టెంబర్ పది, శనివారం, పదింటి బస్సు. బంగాళాదుంపలు ఎప్పటిలా ఇద్దరం కలిసి తవ్వుదాం. నా రబ్బరు బూట్లు నీ దగ్గరే ఉన్నాయి కదా?

మై.


లిల్‌సేలె
1994 సెప్టెంబర్ 5

మైలిస్,

శుక్రవారం కొట్టులో మోనా ఆపింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు తనేం చెప్పిందో తనంతట తనే చెప్పింది. "తీసుకోమనండి, నీళ్ల సంగతి ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, మనిషి కూడా మారింది అన్నాను" అంది. నోరోస్‌లో ఎప్పటి నుంచి మొదలుపెడుతున్నానని అడిగింది. నాకే ఓపిక లేక మానుకున్నానని చెప్పాను. "అయ్యో" అంది. నేను నీ మాట ఎత్తలేదు.

బంగాళాదుంపలు నిన్న నేనొక్కదాన్నే తవ్వేశాను. నీ వాటా గోనెసంచిలో కట్టి, నీ బూట్లు కూడా అందులోనే పెట్టి, ఈ ఉదయం సరుకుల బస్సులో వేశాను. బస్ స్టేషన్‌లో నీ పేరు చెబితే ఇస్తారు. సంచి తిరిగి పంపనక్కర్లేదు.

దాగ్నీ